మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లోకి వచ్చిన, మాట విని రాసే సాఫ్ట్‌వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 2002లో ఈ పనిలో చేరినప్పుడు డాక్టరు గొంతుకీ నా చెవికీ మధ్య ఎవరూ లేరు. ఇప్పుడు మధ్యలో సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంది. కోర్సులో చేరాలనుకునే పిల్లలు, పదేళ్లుగా పని చేస్తున్నవాళ్లు, చివరికి సంబంధం చూస్తూ “అబ్బాయి ఉద్యోగం నిలుస్తుందా?” అని ఆరా తీసే పెద్దవాళ్లు కూడా తిప్పి తిప్పి ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఫోనులో చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే ఉత్త టైపింగేనా?

కాదు. అమెరికాలో డాక్టరు రోగిని చూసి, ఏం కనిపించిందో, ఏం మందు ఇచ్చారో ఫోనులోనో రికార్డరులోనో చెబుతారు. ఆ మాటను విని, వైద్య రికార్డుగా రాసి పంపడమే ఈ పని. 1990ల చివరి నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై నగరాలకు ఇది బాగా వచ్చింది. వాళ్లకు రాత్రి అయినప్పుడు మనకు పగలు కావడం కలిసొచ్చింది. సాయంత్రం చెప్పిన డిక్టేషన్ తెల్లారేసరికి డాక్టరు బల్ల మీద ఉండేది. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను, లైనుకు ఇంత అని లెక్క. గంట ఆడియో టైప్ చేయడానికి చేయి తిరిగినవారికి కూడా మూడు నాలుగు గంటలు పట్టేది. డాక్టరు బర్గర్ నములుతూ చెప్పినా, పక్కన అంబులెన్స్ మోగుతున్నా ఆ గొంతులోంచి మందు పేరును పట్టుకోవాలి. టైపింగ్ ఇందులో చిన్న భాగం.

సాఫ్ట్‌వేరే విని రాసేస్తోందట కదా, ఇంకా ఈ ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి, కాని తగ్గాయి, పైగా రూపం మారిపోయాయి. ఆగి ఆగి చెప్పనక్కరలేకుండా మామూలుగా మాట్లాడితే రాసే డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చింది. అప్పట్లో మేము దాని డ్రాఫ్టులు చూసి నవ్వుకునేవాళ్లం. 2009లో అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డులకు మారే ఆస్పత్రులకు డబ్బు ఇచ్చే చట్టం తెచ్చాక నవ్వు తగ్గింది. చాలామంది డాక్టర్లు తెర మీద గడులు నింపుకోవడం మొదలుపెట్టారు, డిక్టేషన్లు పలచబడ్డాయి. డ్రాగన్‌ను తన చేతిలోకి తీసుకున్న న్యూయాన్స్ సంస్థను కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ 2021లో ప్రకటించింది. ఒప్పందం విలువ 1,970 కోట్ల డాలర్లు. 2022లో అది పూర్తయింది.

ఇప్పుడు పని మూడు దారుల్లో నడుస్తోంది. ఒకటి, డాక్టరు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు పడతాయి, ఆయనే దిద్దుకుని సంతకం పెడతారు. అక్కడ మనం లేము. రెండోది, సాఫ్ట్‌వేర్ డ్రాఫ్ట్ రాస్తుంది, మనం ఆడియో వింటూ దిద్దుతాం. ఇప్పుడు మిగిలిన ఉద్యోగాల్లో ఎక్కువ ఇవే. మూడోది, డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటేనే సాఫ్ట్‌వేర్ విని నోటు (రోగి రికార్డు) తయారుచేయడం.

అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సుకు ఫీజు కట్టమంటున్నారు. కట్టాలా?

ముందు ఒక్క ప్రశ్న అడగండి: “సాఫ్ట్‌వేర్ రాసిన డ్రాఫ్టునూ ఆడియోనూ ఇచ్చి దిద్దడం నేర్పుతారా?” ఉత్త డిక్టేషన్ టైపింగే నేర్పుతామంటే లేచి వచ్చేయండి. 2004 నాటి సిలబస్‌కు ఇప్పటి డబ్బు కట్టనక్కరలేదు. నూరు శాతం ఉద్యోగం అని బోర్డు మీద రాసినదాన్ని నేనూ ఒకప్పుడు నమ్మాను. మా బ్యాచ్‌లో సగం మందికి పైగా ఆ ఇన్‌స్టిట్యూట్ గుమ్మం దాటాక ఈ రంగం మొహం చూడలేదు. వీలైతే కంపెనీలే ఇచ్చే శిక్షణలో చేరండి. స్టైపెండ్ తక్కువైనా నిజమైన ఫైళ్లు చేతికి వస్తాయి.

తెలుగు మీడియంలో చదివాను. ఈ పని నాకు కుదురుతుందా?

కుదురుతుంది. నాకు తెలిసిన మంచి ఎడిటర్లలో జిల్లా పరిషత్ బడిలో చదివినవాళ్లు ఉన్నారు. వ్యాకరణంలో చిన్న లోపాలను సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తనే సరిచేస్తోంది. కావలసింది చెవి, శరీర నిర్మాణం మీద పట్టు, అనుమానించే గుణం. రోజూ గంటసేపు అమెరికన్ల మాట వినండి, ముఖ్యంగా అక్కడ స్థిరపడిన ఇతర దేశాల డాక్టర్ల ఉచ్చారణ. సాఫ్ట్‌వేర్ తడబడేది వాళ్ల దగ్గరే.

## ఎడిటింగ్ పని మొదలుపెట్టినవారికి

టైప్ చేయడం కంటే దిద్దడం తేలిక అన్నారు. మరి నాకెందుకు ఇంత అలసట?

పెళ్లి శుభలేఖను ఇంటిల్లిపాదీ చదువుతారు. అచ్చయి వచ్చాక చూస్తే పెళ్లికొడుకు ఇంటిపేరే తప్పు ఉంటుంది. ఎవరి కన్నూ పట్టదు. అక్షరం ఎదురుగా కనిపించగానే మనసు దాన్నే ఒప్పుకుంటుంది, చెవి కూడా కంటి వెనకే నడుస్తుంది. డ్రాఫ్టులో “హైపర్‌టెన్షన్” అని చూస్తూ ఆడియో వింటే, డాక్టరు “హైపోటెన్షన్” అన్నా మీకు హైపర్ అనే వినిపిస్తుంది. మొదటిది ఎక్కువ రక్తపోటు, రెండోది తక్కువ రక్తపోటు. ఇది మీ లోపం కాదు, కంటి పెత్తనం. దాన్ని క్షణక్షణం వెనక్కి లాగుతూ ఉండటమే మీ అలసట.

నేను చేసేది చెబుతాను. కర్సర్‌ను ఆడియో కంటే అర క్షణం వెనక ఉంచుతాను. మందుల జాబితా వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఒకసారి వింటాను, తర్వాతే చదువుతాను. మొదట్లో వేగం పడిపోతుంది, సూపర్‌వైజరు మొహం చిట్లిస్తారు. పడిపోనివ్వండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తుంది?

పొడుగాటి వైద్య పదాల దగ్గర కాదు. “కోలెసిస్టెక్టమీ”ని అది మీకంటే శుభ్రంగా రాస్తుంది. చిన్న మాటల దగ్గర బోర్లా పడుతుంది. “నో” అనే ఒక్క ముక్క ఎగిరిపోతే ఛాతీ నొప్పి లేని రోగికి ఛాతీ నొప్పి వచ్చేస్తుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తారుమారవుతాయి.

మందుల పేర్లు ఇంకో గుంట. హైడ్రాలజీన్ రక్తపోటుకు, హైడ్రాక్సిజీన్ దురదకు, ఆందోళనకు. సెలెబ్రెక్స్ కీళ్ల నొప్పికి, సెలెక్సా డిప్రెషన్‌కు, సెరెబిక్స్ మూర్ఛకు. రోగికి ఏ జబ్బు ఉందో పైన చదివారు కదా, కింద మందు దానికి పొసగుతుందా లేదా చూడండి. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం. పక్షవాతం వచ్చిన రోగికి రెండూ ఉండవచ్చు, కాబట్టి సందర్భం కూడా మిమ్మల్ని కాపాడదు, చెవి ఒక్కటే దిక్కు. “ఇలియం” ఇంకా చిత్రం: చిన్న పేగు చివరి భాగం ఒక ఇలియం, తుంటి ఎముక పైభాగం ఇంకో ఇలియం. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడా, తెలుగులో రాస్తే ఆ తేడా కూడా లేదు. ఇక్కడ చెవి చేతులెత్తేస్తుంది, అనాటమీ తెలిసినవాళ్లే గట్టెక్కుతారు.

డాక్టరు మధ్యలో “కాదు కాదు, ఎడమ మోకాలు” అని సరిచేసుకుంటే కుడి, ఎడమ రెండూ నోటులో ఉండిపోయిన డ్రాఫ్టులు చూశాను. నర్సుతో అన్న “కాఫీ తెప్పించు” కూడా ఒకసారి ప్లాన్ (చికిత్సగా ఏం చేయాలో రాసే భాగం) కింద చేరింది. అది ఆ రోజంతా మాకు నవ్వు పంచింది కాబట్టి క్షమించాం.

తప్పులు ఎన్ని ఉంటాయో నిజమైన లెక్క ఏదైనా ఉందా?

2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. అమెరికాలో రెండు ఆరోగ్య సంస్థల నుంచి 217 డిక్టేషన్లు తీసుకుని మూడు దశల్లో తప్పులు లెక్కపెట్టారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన డ్రాఫ్టులో నూటికి 7.4 పదాల చొప్పున తప్పులు. ట్రాన్స్‌క్రిప్షనిస్టు దిద్దాక 0.4. డాక్టరు చూసి సంతకం పెట్టాక 0.3. అంటే తప్పు రాలిపోయింది దాదాపు అంతా మన బల్ల దగ్గరే. ఇంక్రిమెంటు అడిగే రోజున ఈ మూడు అంకెలూ జేబులో పెట్టుకుని వెళ్లండి. అయితే ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ బాగా పదునెక్కింది, 7.4ను ఈనాటి అంకెగా మాత్రం చెప్పకండి.

డ్రాఫ్టులో డాక్టరు అననే అనని వాక్యం ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది?

సాఫ్ట్‌వేర్ కల్పించింది. పాత తరం సాఫ్ట్‌వేర్ తప్పుగా వింటే పిచ్చి రాత వచ్చేది, చూడగానే తెలిసిపోయేది. కొత్త తరం భాష నేర్చుకున్నది. తర్వాత ఏ మాట రావచ్చో ఊహించి చక్కటి వాక్యం అల్లుతుంది. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ (మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్) మీద 2024లో ఒక పరిశోధన వచ్చింది. పరీక్షించిన ఆడియో ముక్కల్లో దాదాపు ఒక శాతంలో ఎవరూ అనని మాటలు, ఒక్కోచోట పూర్తి వాక్యాలు కనిపించాయి. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నవారి ఆడియోలో ఈ బెడద ఎక్కువ. కాబట్టి డాక్టరు కాగితాలు తిరగేస్తూ ఆగిన చోట డ్రాఫ్టులో అక్షరాలు ఉన్నాయంటే అనుమానించండి. ఇంగ్లిష్ ఎంత నున్నగా ఉంటే అంత గట్టిగా అనుమానించండి.

వినిపించని చోట ఖాళీ వదిలితే క్యూఏలో (నాణ్యత తనిఖీలో) మార్కులు తగ్గిస్తున్నారు. ఊహించి నింపేయవచ్చా?

వద్దు. మా మొదటి ట్రైనర్ “ఖాళీ వదిలినవాడికి చీవాట్లు, ఊహించి నింపినవాడికి ఇంటిదారి” అనేవారు. ఖాళీ అంటే “ఇక్కడ నాకు తెలియలేదు, మీరు చూడండి” అని డాక్టరుకు చెప్పడం. సాఫ్ట్‌వేర్‌కు ఆ అలవాటు లేదు. అది ఏదో ఒకటి రాసి తీరుతుంది, దానికి తెలిసినదీ తెలియనిదీ ఒకే నలుపులో ఉంటాయి. ఆ పేజీలో తెలియదని ఒప్పుకోగలిగినవారు మీరొక్కరే. ఖాళీ వదిలి, నిమిషం సెకను గుర్తు వేసి, “ఇలా వినిపించింది” అని పక్కన నోటు పెట్టండి. అలా పెడితే మార్కులు తగ్గించే క్యూఏ అరుదు.

ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో అనుకునేవారికి అలబామా కేసు చాలు. 8 యూనిట్లు ఉండవలసిన లెవెమిర్ ఇన్సులిన్ డిశ్చార్జి పత్రంలో 80 అయింది. రోగి చనిపోయారు. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. టైపింగ్ జరిగింది మన దేశంలో. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మనలాంటి మనుషుల చేతుల్లో జరిగిన తప్పు.

దిద్దితే లైనుకు సగమే ఇస్తున్నారు. ఇది న్యాయమా?

న్యాయం కాదనే నా అభిప్రాయం. కంపెనీల వాదన: దిద్దడం టైపింగ్ కంటే రెండింతలు వేగం, కాబట్టి రేటు సగం. స్పష్టంగా మాట్లాడే డాక్టరు విషయంలో ఆ లెక్క నిజమే, కొన్నిసార్లు మనకు లాభం కూడా. గొణిగే డాక్టరు విషయంలో డ్రాఫ్ట్ చెరిపి మొదటి నుంచి కొట్టాల్సి వస్తుంది, డబ్బు మాత్రం దిద్దిన రేటే. నెల రోజులు ఒక నోటు పుస్తకంలో డాక్టరు వారీగా ఆడియో నిమిషాలు, మీకు పట్టిన నిమిషాలు రాసుకోండి. “చాలా కష్టంగా ఉంది” అంటే టీమ్ లీడర్ వినరు. ఫలానా నలుగురు డాక్టర్ల ఫైళ్లను టైపింగ్ రేటులోకి మార్చండి అని లెక్కతో అడిగితే వినక తప్పని సందర్భాలు చూశాను.

నేను దిద్దేదంతా చూసి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోందట. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నానా?

కొంతవరకు అవును. డ్రాఫ్టునూ మీరు పంపిన ప్రతినీ పోల్చి, ఆ డాక్టరు గొంతును సాఫ్ట్‌వేర్ మెరుగ్గా పట్టుకుంటుంది. ఆ దిద్దుబాట్లకు మీకు ప్రత్యేకంగా ఎవరూ పైసా ఇవ్వరు. కోపంతో కావాలని తప్పులు వదిలేసినవారిని ఒకరిద్దరిని చూశాను. ఆ కాగితం చివర రోగి ఉన్నారని మాత్రం చెప్పగలను.

## రోగుల వివరాలు, భద్రత

ఇంటి నుంచి పని చేస్తున్నాను. అర్థంకాని ముక్కను ఏఐ చాట్‌లో పెట్టి అడగవచ్చా?

ఆడియో గానీ, నోటులోని పేరా గానీ కంపెనీ అనుమతించని ఏ చోటా పెట్టకూడదు. రోగుల వివరాలను కాపాడటానికి అమెరికా 1996లో తెచ్చిన హిపా చట్టం అక్కడి ఆస్పత్రిని కట్టడి చేస్తే, ఆ ఆస్పత్రి ఒప్పందం ద్వారా మీ కంపెనీని, కంపెనీ మిమ్మల్ని కట్టడి చేస్తుంది. పేరు తీసేశాను కదా అనుకోకండి. ఊరు, తేదీ, అరుదైన జబ్బు కలిస్తే మనిషి దొరికిపోతారు. ఒక్క మందు పేరు స్పెల్లింగ్ వెతుక్కోవడం వేరు, రోగి కథ అతికించడం వేరు. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ఆస్పత్రికి పాకిస్తాన్ నుంచి ఒక టైపిస్టు, తనకు రావలసిన కూలి ఇప్పించకపోతే రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని రాసింది. పని చేతులు మారి మారి అక్కడిదాకా వెళ్లిన సంగతి ఆస్పత్రికే తెలియదు. మన కంపెనీలలో సెల్‌ఫోను బయట పెట్టి లోపలికి వెళ్లే కట్టుబాట్ల వెనక ఇలాంటి భయాలే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఆగిపోతే మళ్లీ మనుషులనే పిలుస్తారా?

ఒకసారి పిలిచారు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడి న్యూయాన్స్ ట్రాన్స్‌క్రిప్షన్ సేవను పడగొట్టింది. కొన్ని వారాలపాటు ఆస్పత్రులు వేరే దారులు వెతుక్కున్నాయి. అది వర్షం పడ్డప్పుడు గొడుగు అమ్ముడైనట్టు. అలాంటి రోజుల మీద ఇల్లు నడవదు.

## తర్వాత ఏం చేయాలి అనేవారికి

డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటేనే నోటు తయారవుతోందట. అందులో మనకు పని ఉందా?

ఉంది, కాని అది వేరే పని. ఉత్తర కాలిఫోర్నియాలో పర్మనెంటే వైద్య బృందం 2023 అక్టోబరులో ఈ పద్ధతి మొదలుపెడితే పది వారాల్లో 3,442 మంది డాక్టర్లు 3,03,266 సంప్రదింపులలో వాడారు. అంత త్వరగా డాక్టర్లు దేన్నీ నెత్తిన పెట్టుకోవడం నేను చూడలేదు. ఇక్కడ విన్నది విన్నట్టు రాయడం ఉండదు. ఇరవై నిమిషాల కబుర్లలోంచి అక్కరకు వచ్చేది ఏరాలి. రోగి “మా చెల్లెలికి షుగర్” అంటే అది కుటుంబ చరిత్ర కిందికి పోవాలి, రోగి జబ్బుల జాబితాలోకి కాదు. ఆ ఏరివేతను సరిచూసే ఉద్యోగాలు వచ్చాయి. మన నగరాల నుంచే ఆన్‌లైన్ స్క్రైబులుగా (డాక్టరు, రోగి మాటలు దూరం నుంచి విని నోటు రాసేవారుగా) పనిచేసినవారికి ఇది తేలిగ్గా అబ్బుతుంది. పాత ట్రాన్స్‌క్రిప్షనిస్టులకు మాత్రం డాక్టరు అనని మాట రాయడానికి చేయి రాదు. నాకూ ఆరు నెలలు పట్టింది.

అందరూ కోడింగ్‌లోకి (జబ్బులకూ చికిత్సలకూ బిల్లుల కోసం కోడు నంబర్లు వేసే మెడికల్ కోడింగ్) మారమంటున్నారు. మారాలా?

ఆపరేషన్ నోటు చదివి అర్థం చేసుకోగలిగినవారికి కోడింగ్ సగం వచ్చినట్టే. అమెరికా 2015 అక్టోబరు 1న ఐసీడీ 10 అనే జబ్బుల కోడు పట్టికకు మారాక జబ్బు కుడివైపా ఎడమవైపా అన్నది కూడా కోడులోకి వచ్చింది, మన అలవాటు అక్కడ పనికొస్తుంది. సర్టిఫికెట్ పరీక్ష రాయాలి, ఖర్చు ఉంది. కోడింగ్‌లోకీ సాఫ్ట్‌వేర్ వస్తోంది, కాబట్టి పారిపోవడానికి మాత్రం వెళ్లకండి. ఆ పని నచ్చితేనే వెళ్లండి.

తెలుగు విని రాసే సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా, మన ఆస్పత్రుల్లోనే ఈ పని వస్తుందా?

నాకు అన్నింటికంటే ఆసక్తి ఉన్న ప్రశ్న ఇది. భారతీయ భాషల అనువాదం, మాట గుర్తింపు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన భాషిణి 2022లో మొదలైంది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా భారతీయ భాషలకు మాట గుర్తించే నమూనాలను అందరికీ అందుబాటులో పెట్టింది. అక్షరాలు పడతాయి. చిక్కు ఆ తర్వాత.

రోగి “వేడి చేసిందండీ” అంటాడు. నోటులో జ్వరం అని రాస్తే తప్పు. నోటి పూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, సెగగడ్డ కావచ్చు. “గ్యాస్ పట్టేసింది” అన్న అరవై ఏళ్ల మనిషికి అది గుండెపోటు కూడా కావచ్చు. “కళ్లు తిరుగుతున్నాయి” అన్నదాన్ని మాటకు మాట ఇంగ్లిష్ చేస్తే కంటి డాక్టరు దగ్గరికి పంపుతారు. “నీరసం” అనే ఒక్క మాట కింద రక్తహీనత, షుగర్, దిగులు అన్నీ దాక్కుంటాయి. డాక్టరు సగం ఇంగ్లిష్‌లో అడుగుతారు, రోగి తన ఊరి తెలుగులో చెబుతాడు, పక్కనున్న కోడలు మధ్యలో సరిచేస్తుంది. ముగ్గురి గొంతులు విడదీసి, ఎవరి బాధ ఎవరిదో రాయడానికి ఇక్కడి మనిషి కావాలి. మన ఓపీల్లో డాక్టరుకు ఒక్కో రోగి దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. నోటు రాసిపెట్టే మనిషికి జీతం ఇవ్వడానికి ఎన్ని ఆస్పత్రులు సిద్ధపడతాయన్నదే అసలు ప్రశ్న. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రులు ముందుకు వస్తాయని నా అంచనా, అది కూడా బీమా కాగితాల కోసం.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఈ మార్పంతా నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. షార్ట్‌కట్ మీటలు రెండు వారాల్లో వస్తాయి. ఇరవై ఏళ్లు విన్న చెవి కొత్తగా చేరినవారికి రెండేళ్లయినా రాదు. అయితే రోజుకు ఎనిమిది గంటల హెడ్‌ఫోను తర్వాత వినికిడి పరీక్ష చేయించుకున్నారా? మనలో చాలామంది చేయించుకోరు. ఈ నెలలోనే వెళ్లండి.

ఎడిటింగ్‌కు ఫుట్ పెడల్ ఇంకా కొనాలా? కీబోర్డుతోనే ఆడియో ఆపవచ్చు కదా?

కొనండి. దిద్దేటప్పుడు రెండు చేతులూ అక్షరాల మీదే ఉండాలి, ఆపడం, వెనక్కి తిప్పడం కాలికి వదిలేయాలి. కొత్తది అక్కరలేదు. ఈ రంగం వదిలి వెళ్లినవాళ్ల ఇళ్లలో పెడళ్లు అటక మీద పడి ఉన్నాయి, అడిగితే చౌకగా ఇస్తారు. తీసుకునే ముందు స్ప్రింగు మాత్రం ఒకసారి నొక్కి చూడండి.